మేకు కొట్టిన చోటు

లోకంలో ఏదీ తిన్నగా లేదని అతని గట్టి నమ్మకం. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీది పటాన్ని సరిచేసి, తర్వాత ఇంటివాళ్ళని పలకరించేవాడు. పెళ్ళి ఫొటోలు చూపిస్తే పెళ్ళికూతుర్ని వదిలేసి, ఆమె వెనకున్న స్తంభాన్ని చూసి "ఒరిగింది" అనేవాడు. హోటల్లో బల్ల కాలి కింద కాగితం మడిచి పెట్టి, ఆ పెట్టడం యజమాని చూశాడో లేదో ఓరకంట కనిపెట్టేవాడు. అతనికి మిల్లీమీటరు అని పేరు పెట్టింది వెక్కిరించడానికే. అతను మాత్రం దాన్ని బిరుదులా తగిలించుకు తిరిగాడు. కొందరికి వెక్కిరింత ఎక్కని తోలు పుట్టుకతోనే వస్తుంది.

ఈ మిల్లీమీటరు చేసే పని ఊరి ఫొటోలతో చిన్న చిన్న యానిమేషన్ సినిమాలు చేయడం. ఊరంటే సందులూ మనుషులూ కాదు. మనుషులంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు. దూరం నుంచి చూస్తే ఆకాశాన్ని ఆనుకుని ఒక మేడల వరస కనిపిస్తుందే, అది. ఎవరైనా ఒకేచోట నిలబడి, ఒకేవైపు, ఏళ్ళ తరబడి తీసిన ఫొటోలు దొరికితే వాటిని వరసగా పేర్చి, సెకనుకి ఇరవై నాలుగు చొప్పున పరిగెత్తిస్తాడు. అప్పుడు ఖాళీ స్థలంలోంచి అంతస్తు మీద అంతస్తు లేస్తుంది. క్రేన్లు చేతులు తిప్పుతాయి. మబ్బులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. ఏళ్ళు నిమిషాల్లో అయిపోతాయి. బిల్డర్లకీ బ్యాంకులకీ ఇలాంటివంటే మహా ఇష్టం.

ఇందులో ఒక కిటుకు ఉంది. కెమెరాని ఎంత గట్టిగా నిలబెట్టినా, గాలికో, బటన్ నొక్కిన వేలికో రోజూ వెంట్రుకవాసి కదులుతుంది. ఆ ఫొటోలు అలాగే వేస్తే ఊరంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అందుకని అన్ని ఫొటోల్లోనూ కనిపించే ఒక చుక్కని పట్టుకుని, ఆ చుక్క ఎప్పుడూ ఒకేచోట ఉండేలా ప్రతి ఫొటోనీ జరపాలి. కాగితాల దొంతర కదలకుండా అన్నిటికీ కలిపి ఒక మేకు దిగ్గొట్టినట్టు. జిరాక్స్ కొట్టు మీద రెండు గదుల్లో ఉన్న అతని స్టూడియోలో ఆ పనిని మేకు కొట్టడం అనే అనేవాళ్ళు. మేకు కొట్టిన చోటు కదలదు. కదిలేదంతా దాని చుట్టూ ఉన్నదే.

"మేకు ఎక్కడ కొట్టాలో తెలిసినవాడే పనివాడు. మిగతావాళ్ళందరూ బటన్లు నొక్కే బాపతు" అని అతను తన దగ్గర పనిచేసినవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళలో ఎవరూ ఏడాదికి మించి నిలవలేదు. అది కూడా వాళ్ళ తప్పే అని అతను చెప్పేవాడు.

అతను ఉండేది ఇరవై అంతస్తుల టవర్లో, పద్నాలుగో అంతస్తు. నూట ఇరవై కుటుంబాలు. పాత బజారులో చీకటి గదుల్లో పుట్టి పెరిగినవాడు, అయిదేళ్ళ కిందట ఆ ఇంట్లో దిగాడు. దిగిన రోజు కిటికీ దగ్గర నిలబడి, కిందికి చూసి, "అందరూ ఎంత చిన్నగా ఉన్నారో" అన్నాడు. అందులో ఆశ్చర్యం లేదు, తృప్తి ఉంది.

ఆ ఇల్లే అతని ప్రాణం. దానిమీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. మూడేళ్ళ కిందట భార్య ఒకసారి, "ఏమండీ, పెనం మీద నూనె ఎప్పుడూ ఒక పక్కకే పోతోంది, చూశారా?" అంది.

"పెనం వంకర."

"కొత్త పెనమండీ."

"అయితే స్టవ్ కాళ్ళు వంకర. కాకపోతే నీ చూపు వంకర. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. వండటం రాక ఇంటిని అంటావేంటి?"

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెనాన్ని ఒక పక్కకి తిప్పి పెట్టుకుని వండుకోవడం నేర్చుకుంది. కూతురి బంతి హాల్లో ఎక్కడ వదిలినా కిటికీ వైపే దొర్లేది. అది గాలి అని అతనే తేల్చాడు. కిటికీ తలుపులు మూసి ఉన్నప్పుడు కూడా గాలే. స్నానాల గది తలుపు పట్టేస్తోందని వడ్రంగి వచ్చి రెండుసార్లు చిత్రిక పట్టి వెళ్ళాడు. రెండుసార్లూ మిల్లీమీటరు దగ్గర నిలబడి చీవాట్లు పెట్టాడు. చేతకానివాళ్ళని ఉద్ధరించడం తన బాధ్యత అనుకునే మనుషుల్లో అతనొకడు.

ఆ చేతకానివాళ్ళ పట్టీలో అందరికంటే పైన ఉన్నవాడు అతని బావ, అంటే అక్క మొగుడు.

బావ గడియారాలు బాగుచేస్తాడు. మూడంతస్తుల పాత మేడలో కింద కొట్టు, పై రెండు అంతస్తుల్లో కాపురం, ఆపైన డాబా. డాబా మీంచి చూస్తే ఆటస్థలానికి అవతల టవర్, దాని వెనక దూరంగా ఊరి మేడల వరస మొత్తం కనిపిస్తుంది. ఒకాయన ఎప్పుడో పాడైపోయిన కెమెరా ఇచ్చి, బాగుచేయమని చెప్పి, మళ్ళీ రాలేదు. బావ దాన్ని బాగుచేశాడు. నడుస్తోందో లేదో చూడటానికి రోజుకొక ఫొటో తీయడం మొదలుపెట్టాడు. గడియారానికి తాళం ఇచ్చినట్టు, పొద్దున ఆరూ నలభైకి డాబా ఎక్కి ఒకటి తీసి కిందికి దిగేవాడు. జ్వరం వచ్చినా ఎక్కాడు. కొట్టు మూసిన రోజు కూడా ఎక్కాడు. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఎందుకు తీస్తున్నావంటే నవ్వేవాడు తప్ప జవాబు చెప్పేవాడు కాదు. అతనికే తెలియదేమో.

"రెండువేల తొమ్మిదివందల ఫొటోలు తీసి, ఒక్కటి కూడా ఎవరికీ చూపించని మనిషిని ఏమంటారు?" అని మిల్లీమీటరు భార్యని అడిగాడు ఒకసారి.

"మంచాయన అంటారు" అందామె.

టవర్‌కి పునాది వేసి ఎనిమిదేళ్ళు నిండుతున్నాయని, వార్షికోత్సవానికి ఒక సినిమా చేసిపెట్టమని, తను మామూలు సభ్యుడిగా ఉన్న కమిటీ అడిగినప్పుడు అతనికి బావ గుర్తొచ్చాడు. అవసరం పడితే గుర్తు రావడానికే చుట్టాలున్నది. పునాదులు లేచిన నాటి నుంచి టవర్ రోజువారీ ఫొటోలు ఈ భూమ్మీద బావ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేవు. సినిమా బాగా వస్తే వచ్చే కమిటీలో కార్యదర్శి పదవి తనకే అని అధ్యక్షుడు చూచాయగా అన్నాడు కూడా.

బావ ఫొటోలన్నీ ఒక డబ్బాలో పెట్టి స్వయంగా స్టూడియోకి తెచ్చి ఇచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, అదేదో పెద్ద ఆఫీసైనట్టు.

"స్టాండు కదలకూడదని ఇనుప గొట్టం పిట్టగోడలో సిమెంటు పోసి పెట్టానోయ్" అని మొదలుపెట్టాడు.

"సరే బావా, ఆ డబ్బా అక్కడ పెట్టు. ఈ పురాణం తర్వాత విందాం."

ఆ తర్వాత అనేది రాలేదు. డాబా మెట్లెక్కి ఆ గొట్టం ఎలా ఉందో చూసిన పాపాన కూడా పోలేదతను.

మేకు ఎక్కడ కొట్టాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. సినిమా టవర్ గురించి. టవర్ నిలబడాలి, తక్కినదంతా దానిచుట్టూ ఆడాలి. టవర్ అడుగుభాగం ఎలాగూ ఆటస్థలం చెట్ల వెనక దాగి ఉంది. అందుకని, టవర్ ఇంకా లేస్తున్న మొదటి రెండేళ్ళ ఫొటోలకి వెనక మేడల మీద ఒక చుక్క పట్టుకుని, ఆ తర్వాతవాటన్నిటికీ పైన పిడుగు కడ్డీ మొదలు దగ్గర, తన అభిమానమంతా ఉన్న చోట, మేకు దిగ్గొట్టాడు. ఫొటోలు పరిగెత్తించి చూశాడు.

టవర్ రాయిలా నిలబడింది. దాని వెనక ఊరు ఊరంతా మెల్లగా ఎడమకి జరిగిపోయింది.

మళ్ళీ వేశాడు. మళ్ళీ జరిగింది. మొదటి రెండేళ్ళూ బాగానే ఉంది. మూడో ఏటి నుంచి మేడలూ పొగగొట్టాలూ బ్యాంకు గోపురం అన్నీ కలిసి, ఎవరో దుప్పటి లాగుతున్నట్టు, ఒక పక్కకి పోవడం మొదలుపెట్టాయి. మిల్లీమీటరు కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వాడు. అతనికి అంత సంతోషం కలిగి చాలా కాలమైంది. తను అనుకున్నదే రుజువైంది. బావకి కెమెరా నిలబెట్టడం కూడా రాదు.

దాన్ని సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. ప్రతి ఫొటోలో టవర్ అంచు చుట్టూ కత్తిరించి విడదీసి, వెనకున్న ఊరిని కుడికి నెట్టి, చిరుగు పడ్డచోట ఆకాశం అతికాడు. ఎన్ని పిక్సెళ్ళు, అంటే తెరమీది చుక్కలు, నెట్టాడో ప్రతి ఫొటోకీ ఒక పట్టీలో రాసుకున్నాడు. నెడుతూ బావని తిట్టాడు. ఇంట్లో తిట్టాడు, స్టూడియోలో తిట్టాడు, లిఫ్టులో ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెప్పి తిట్టాడు. "మా బావ తీసిన ఫొటోలండీ. కుక్క తోకకి రాయి కట్టినా వంకర పోదు చూడండి, అలాగ. నేను కాబట్టి నిలబెడుతున్నాను." ఎనిమిదో అంతస్తు పెద్దాయన దగ్గర్నుంచి లిఫ్టు మెకానిక్ దాకా టవర్లో అందరికీ ఆ కథ కంఠతా వచ్చేసింది.

వార్షికోత్సవం సాయంత్రం కింది హాల్లో రెండువందల కుర్చీలు వేశారు. బావా అక్కా ఆఖరి వరసలో కూర్చున్నారు. అక్క బావ చేత ఇస్త్రీ చొక్కా తొడిగించి తీసుకొచ్చింది. తమ్ముడు వేదిక మీద బావ పేరు చెప్పి కృతజ్ఞతలు చెబుతాడని ఆవిడ ఆశ. ఈ తమ్ముడితో నలభై ఏళ్ళు గడిపి కూడా ఆశ పెట్టుకుంది. అక్కలంతే.

సినిమా రెండు నిమిషాలే కదా అని అతనికి వెలితిగా ఉంది. తన పనితనం ఎవరికి అర్థమవుతుంది? అందుకని ముందు, సరిచేయని ముక్క వేశాడు. తెర మీద ఊరు ఎడమకి జారిపోతుంటే పిల్లలు కేకలు పెట్టారు, పెద్దలు నవ్వారు.

మిల్లీమీటరు మైకు అందుకున్నాడు. "ఈ ఫొటోలు తీసింది మా బావండీ. అదిగో, ఆఖరి వరసలో కూర్చున్నారు. ఊళ్ళో గడియారాలన్నీ ఈయన చేతి మీదే నడుస్తాయి. మీ ఇంటి గడియారం తప్పు చూపిస్తే ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా?" హాలంతా గొల్లుమంది. "కెమెరా జానెడు జరిగితే గానీ ఇంత తేడా రాదు. కాదంటారా, అయితే ఆయన ఉండే పాత మేడే ఒరుగుతున్నట్టు. అక్కా, జాగ్రత్తే! ఏదో ఒకరోజు నిద్రలేచేసరికి పక్కింట్లో ఉంటారు!"

ఇంకోసారి గొల్లుమంది. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. బావ లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచనివాడిలా ఇస్త్రీ చొక్కా అంచు సర్దుకుని, చేతులు జోడించాడు.

"తప్పు నాదేనండి. మా బావమరిదికి చాలా శ్రమ ఇచ్చాను. క్షమించండి" అని కూర్చున్నాడు.

తర్వాత అసలు సినిమా వేశారు. టవర్ నిటారుగా లేచింది, వెనక ఊరు బుద్ధిగా నిలబడింది. చప్పట్లు ఆగలేదు. అధ్యక్షుడు పూలగుత్తి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని మిల్లీమీటరు వెనక్కి చూసేసరికి ఆఖరి వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు నుంచి అక్క అతనితో మాట మానేసింది.

"సరదాకి అన్నాను. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు భార్యతో.

"సరదా మీకు, ఆయనకి కాదు" అందామె. వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడితే దక్కేదేమిటో ఆమెకి తెలుసు.

తొమ్మిదోనాడు వడ్రంగి మూడోసారి వచ్చాడు. స్నానాల గది తలుపు మళ్ళీ పట్టేసింది. అతను తలుపు చూశాడు, ఉలి తీయలేదు.

"అయ్యా, ఇంక చిత్రిక పట్టడానికి ఈ తలుపులో చెక్క లేదు" అన్నాడు.

"పని రానివాడు చెక్కని అంటాడు."

వడ్రంగి సంచీలోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీశాడు. ద్వారబంధం పైమూల నుంచి దాన్ని కిందికి వదిలాడు. గుండు కాసేపు ఊగి నిలిచింది. పైన దారం చెక్కని తాకుతోంది. కింద గుండుకీ చెక్కకీ మధ్య వేలు పట్టేంత సందు.

"తలుపు తప్పేం లేదయ్యా. గుమ్మం ఒరిగింది. పడకగదిది కూడా చూడనా?"

చూశాడు. పడకగది గుమ్మమూ అంతే, వంటగదిదీ అంతే. హాల్లో గోడకి కట్టి చూశాడు. అన్నీ ఒకేవైపు, అన్నీ వేలు పట్టేంత. పన్నెండో అంతస్తు ముసలావిడ ఇంట్లో తలుపుకి కూడా కిందటి నెల ఇదే వైపు చిత్రిక పట్టానని కూడా చెప్పాడు. మిల్లీమీటరు ఆ గుండు లాక్కుని తనే మళ్ళీ మళ్ళీ వేలాడదీశాడు. గుండుకి మొహమాటం ఉండదు.

తిన్నగా స్టూడియోకి పోయి పట్టీ తీశాడు. ఎన్ని చుక్కలు నెట్టాడో తన చేత్తో తను రాసుకున్న అంకెలు. మూడు వారాలు వాటిని రాశాడే గానీ చదవలేదు. ఇప్పుడు చదివాడు. మనిషి చెయ్యి వణికితే అటూ ఇటూ పోతుంది. ఈ అంకెలు ఒకేవైపు పోతున్నాయి. వానలు పడిన ప్రతి ఏడూ ఒక్క గెంతు గెంతి, మళ్ళీ మెల్లగా పెరుగుతున్నాయి. ఆరేళ్ళు ఒకేవైపు వణికే చెయ్యి లోకంలో లేదు. అయితే ఏదో ఒరుగుతోంది. బావ మేడ ఒరగాలి, లేకపోతే టవర్ ఒరగాలి. ఇత్తడి గుండు పద్నాలుగో అంతస్తులో ఆ సంగతి అప్పుడే తేల్చేసింది.

టవర్ నెత్తి మీంచి మేకు పీకాడు. దూరంగా ఉన్న బ్యాంకు గోపురం మీద కొట్టాడు. ఫొటోలు పరిగెత్తించాడు.

ఊరంతా కదలకుండా నిలబడింది. బావ తీసిన ఊరు, వెంట్రుకవాసి తేడా లేకుండా, నిలబడిపోయింది. దాని ముందు టవర్ ఒక్కటీ, నిద్ర ఆపుకుంటున్నవాడి తలలాగ, మెల్లమెల్లగా పక్కకి వాలింది.

 అతనికి మొదట వచ్చిన ఆలోచన తన ఇల్లు. సిగ్గులేకుండా ఒప్పుకోవాలంటే, రెండో ఆలోచన కూడా తన ఇల్లే. కూతురు మూడో ఆలోచనగా వచ్చింది. కానీ వచ్చాక పోలేదు. ఆ బంతి వెంట కిటికీ దాకా పరిగెత్తే కూతురు. పన్నెండో అంతస్తు ముసలావిడ. తను పేర్లు కూడా తెలుసుకోని నూట ఇరవై కుటుంబాలు.

ఇంటికొచ్చి చెబితే భార్య ఆశ్చర్యపోలేదు. "మూడేళ్ళ నుంచి నాకు నూనె చెబుతూనే ఉంది" అంది. ఆ సాయంత్రమే పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. "అందరికీ చెప్పి రండి. అప్పుడు మీ గొప్పతనం ఒప్పుకుంటాను" అని వెళ్ళింది.

కట్టడాలు పరీక్షించే ఒక ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఆయన శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పేది నిజమైతే రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. కానీ మీ ఒక్కరి మాట మీద నేను వచ్చి పునాదుల దగ్గర పరికరాలు పెట్టలేనండీ. కమిటీ ఉత్తరం ఇప్పించండి, మర్నాడే వస్తాను" అన్నాడు.

కావలసింది ఒక్క ఉత్తరం. అధ్యక్షుడు ఒకప్పుడు పన్నుల ఆఫీసులో పెద్ద హోదా వెలగబెట్టినవాడు. ఇప్పటికీ ఎదుటివాడు దొంగలెక్క తెచ్చినట్టే చూస్తాడు. టవర్ తల వాల్చే సినిమాని మిల్లీమీటరు ఫోన్‌లో చూపించాడు. అధ్యక్షుడు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"మొన్న ఊరు ఒరిగిందన్నారు. ఇవాళ టవర్ ఒరిగిందంటున్నారు. ఫొటోలు అవేగా?"

"అవే సార్. మేకు వేరేచోట కొట్టాను."

"అంటే మీరు ఎక్కడ మేకు కొడితే అది తిన్నగా ఉంటుంది, ఇంకోటి వంకరవుతుంది. మీరు కావాలంటే నన్ను కూడా వంకరగా చూపిస్తారు."

"మా ఇంటి గుమ్మాలన్నీ ఒరిగాయి సార్. గుండు కట్టి చూశాను."

"మీ ఇంటి తలుపు పట్టేస్తే టవర్‌కి చెడ్డపేరు తెస్తారా? మీ బావగారికి కెమెరా నిలబెట్టడం రాదని నాకు మీరే చెప్పారు. ఒకసారి కాదు, లిఫ్టులోనే నాలుగుసార్లు చెప్పారు. రెండువందల మంది ముందు మైకులో చెప్పారు. ఆయన లేచి ఒప్పుకున్నాడు కూడా."

గురివింద గింజకి కింద నలుపు కనిపించదంటారు. మిల్లీమీటరుకి ఆ క్షణంలో కనిపించింది. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? బతిమాలాడు. చివరికి అధ్యక్షుడు ఒక దారి చూపించాడు. ఆదివారం పొద్దున కమిటీ సమావేశం. బావగారు వచ్చి, కెమెరా గానీ తన మేడ గానీ కదల్లేదని ఒక్క మాట చెబితే ఇంజనీరుకి ఉత్తరం రాస్తారు. చెప్పకపోతే ఈ ఊసు మళ్ళీ ఎత్తకూడదు.

బావ ఇంటి తలుపు తీసింది అక్క. తమ్ముణ్ణి చూసి పక్కకి తప్పుకుంది. అతను మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. వెంట తెచ్చుకున్న గుండుని పిట్టగోడ పక్కన వేలాడదీశాడు. దారం గోడని పై నుంచి కింది దాకా తాకుతూ నిలబడింది. పాత మేడ పెళ్ళిలో నిలబెట్టిన పెద్దమనిషిలా తిన్నగా ఉంది. కానీ గోడలో గొట్టం లేదు. గొట్టం ఉండాల్సిన చోట కొత్త సిమెంటు అతుకు కనిపించింది.

బావ వెనకే వచ్చాడు. "మర్నాడే పీకేశానోయ్. గునపంతో రెండు గంటలు కొడితే గానీ ఊడలేదు. కెమెరా బీరువాలో పడేశాను. చాల్లే, నవ్వులపాలు కావడానికి వయసు దాటిపోయింది."

"రెండు గంటలు కొడితే గానీ ఊడనిది ఎలా కదులుతుంది బావా? నీకామాత్రం తెలీదా? కదల్లేదు! నీ కెమెరా కదల్లేదు, నీ మేడ కదల్లేదు. మా టవర్ ఒరుగుతోంది. నువ్వు ఆదివారం వచ్చి ఆ ముక్క చెప్పు. ఇంకేం మాట్లాడకు, నీకు మాట్లాడటం రాదు. నేను చెప్పినట్టు చెప్పు చాలు."

బతిమాలడానికి వచ్చినా ఆ నాలుకకి వేరే దారి తెలియదు. బావ అతని దగ్గరికి జరిగాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"పిలిచావు కదా, వస్తాన్లే" అన్నాడు.

ఆదివారం కమిటీ గదిలో మిల్లీమీటరుతో కలిపి సభ్యులు పదకొండు మంది. బల్ల చివర బావ కూర్చున్నాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు.

"ఎనిమిదేళ్ళూ మీ కెమెరా ఒకేచోట ఉందని మీరు చెప్పగలరా?"

బావ ఒకసారి బావమరిదిని చూసి, గొంతు సవరించుకున్నాడు. "నేనయితే కదల్లేదనే అనుకున్నానండీ. గొట్టానికి సిమెంటు పోశాను. కానీ అనుకోవడం వేరు కదా. మా బావమరిది చూసి కదిలిందని చెప్పాడు. ఈ విషయంలో ఆయన కంటికి తిరుగులేదండీ. మిల్లీమీటరు తేడా కూడా పట్టేస్తాడు, మీకందరికీ తెలిసిందే."

"నేను తప్పు చెప్పాను బావా!" మిల్లీమీటరు లేచి నిలబడ్డాడు. "నాదే తప్పు! కదిలింది నువ్వు కాదు!"

బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కమిటీ వైపు తిరిగి చెప్పాడు. "చూశారా? ఆ రోజు నన్ను నలుగురిలో అన్నాడని వాళ్ళక్క మాట మానేసింది. నా పోయిన మర్యాద నాకు తిరిగివ్వాలని, ఇంతమంది ముందు తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. అంత అభిమానం ఉందని నాకే తెలీదు. కానీ నా కోసం ఆయన చేత అబద్ధమాడించలేనండీ. మా మేడే పాతది. అదే ఒరుగుతూ ఉంటుంది."

ఎవరో మెచ్చుకోలుగా తల ఊపారు. మిల్లీమీటరు బల్ల మీద చరిచాడు, గుండు తీసి చూపించాడు, పట్టీలో అంకెలు గట్టిగా చదివాడు. ఇత్తడి గుండు పట్టుకుని అరుస్తున్న మనిషిని చూసి ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. సాక్షి చెప్పాల్సింది చెప్పేశాడు, ఈ అంశం ముగిసింది అన్నాడు. చిట్టాలో రాయించాడు కూడా.

"తర్వాతి అంశం" అని కాగితం తిప్పాడు. "ఏడో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంట్లోకి అద్దెకి దిగడానికి దరఖాస్తు. దరఖాస్తుదారు ఇక్కడే ఉన్నారు."

బావ సిగ్గుగా నవ్వాడు. "మా మేడ ఒరుగుతోందని తెలిశాక మీ అక్కకి కంటిమీద కునుకు లేదోయ్. వార్షికోత్సవం మర్నాడే అర్జీ పెట్టింది. నీ మీద కోపం ఉంది గానీ, ఉంటే నీ దగ్గరే భద్రంగా ఉంటామంది. అన్నీ కుదిరాక చెబుదామనుకున్నాం. హాస్టల్లో ఉన్న మా పిల్లలు కూడా శుక్రవారం వచ్చేస్తారు."

"వద్దు బావా" అన్నాడు మిల్లీమీటరు.  "వద్దు. అక్కని తీసుకురావద్దు."

 అధ్యక్షుడు ఓటు పెట్టాడు. అనుకూలం అన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. పది చేతులు లేచాయి. మిల్లీమీటరు చేతులు బల్ల మీదే ఉన్నాయి. ఎదుటి కుర్చీలో కూర్చున్న మూడో అంతస్తు ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసి, పక్కావిడ చెవిలో, అందరికీ వినపడేటట్టే అంది.

"సొంత అక్క వస్తానంటే చెయ్యెత్తడే! ఛీ, ఏం మనిషి!"